మద్దిపట్ట మోసేవాళ్ళు మాట్లాడకూడదు

పై ఇంటివాళ్ళు పొద్దున్నే మద్దిపట్ట కషాయం కాచుకుంటారు. వాళ్ళబ్బాయి ఫోనులో ఆర్డరు పెడితే ప్లాస్టిక్ డబ్బాలో పొడి ఇంటికే వస్తుంది. దాన్ని కుక్కరు పక్కన స్టీలు గిన్నెలో నాలుగు పొంగులు రానిచ్చి, గటగటా తాగేసి వాకింగుకు పోతారు. ఎండు పొడికి పెద్దగా వాసన ఉండదు. నీళ్ళు మరిగేటప్పుడే లేస్తుంది అది, తడిసిన మాను వాసన, వగరు వాసన, నాలిక్కి తగలకముందే నోరంతా పట్టేసే వాసన. తిరుపతిలో మా అపార్టుమెంటు వంటగది కిటికీలోంచి అది లోపలికి వచ్చిందంటే నేను చేస్తున్న పని చేతిలోనే ఆగిపోతుంది. కిటికీ మూసేద్దామని వెళ్తాను, మూయకుండా అక్కడే నిలబడిపోతాను. అరవై దాటిన టీచరమ్మ, ఒంటిమనిషి, పొద్దున ఏడింటికి కిటికీ ఊచలు పట్టుకుని ఏం చూస్తూంటుందా అని ఎదురు బ్లాకువాళ్ళు అనుకుంటూనే ఉంటారు. అనుకోనీ.

నేను పెరిగింది పుత్తూరుకు ఐదారు మైళ్ళ అవతల, కొండల కింద ఉన్న చిన్న ఊళ్ళో, మా నాయన తల్లి దగ్గర. అవ్వ అని పిలిచేదాన్ని. ఎముకలు విరిగినవాళ్ళంతా కట్టు కట్టించుకోడానికి పుత్తూరు పోయేవాళ్ళు, విరగని జబ్బులన్నీ మా అవ్వ దగ్గరికి వచ్చేవి. రక్తం ఎక్కువగా పోతుంటే మేడిపట్ట, కడుపు కట్టుబడకపోతే కొడిశపాల పట్ట, చిగుళ్ళు వాస్తే తుమ్మపట్ట, గుండెదడకు మద్దిపట్ట. మా వైపు బెరడును పట్ట అనే అంటారు. ఇన్ని పట్టలు తెలిసిన అవ్వ కన్నకొడుకు జ్వరాన్ని మాత్రం తగ్గించలేకపోయింది. నాకు ఐదేళ్ళప్పుడు మా నాయన పోయాడు. మా అమ్మది గూడూరు. ఏడాది తిరిగేలోగా ఆమెను వాళ్ళన్న వచ్చి తీసుకుపోయాడు, నిమ్మకాయల మండీలో కాయలు ఏరే పని చూపించాడు. ఆ ఇంట్లో అప్పటికే ఆరుగురు పిల్లలట, ఏడో పిల్లకు చోటు లేదట. అందుకని నేను అవ్వ దగ్గర ఉండిపోయాను. అమ్మ రెండు నెలలకో మూడు నెలలకో ఒకసారి మధ్యాహ్నం బస్సుకు వచ్చి మరుసటి పొద్దున పోయేది. ఆమె చేతులకు ఎంత కడిగినా నిమ్మకాయల వాసన పోయేది కాదు. ఆమె వెళ్ళిపోయిన రోజు నేను జడ విప్పనిచ్చేదాన్ని కాదు, ఆమె అల్లిన జడలో ఆ వాసన ఉంటుందని.

మా ఇల్లు ఒకే అంకణం, ముందు వసారా. ఆ వసారాలోనే అవ్వ వైద్యమంతా. గోడ పొడుగునా జాడీలు, ఒక్కోదాని మూతికి ఒక్కో రంగు గుడ్డ. అవ్వకు చదువు రాదు, ఆ రంగులే ఆమె అక్షరాలు. చలికాలం పోయి శివరాత్రి దాటాక, మానులు ఆకు రాల్చి కొత్త చిగురు ఇంకా వేయని రోజుల్లో పట్ట కోసేవాళ్ళం. ఏడాదికి సరిపడా మందు ఆ నెల రోజుల్లోనే. ఉగాది వస్తుందనగా కోత ఆపేసి, ఇల్లు అలికి, పోళీలకు శనగబేడలు నానబోసేది. ఈ నెల రోజులూ మా ఇంట్లో తిండి కూడా హడావిడి తిండే, పొద్దున రాగిసంగటి, ఊరిబిండి, మధ్యాహ్నమూ అదే సంగటి, మజ్జిగలో పిసుక్కుని. నాకు ఆ తిండి మీద చిరాకు. అవ్వకు నా చిరాకు మీద చిరాకు.

తెచ్చిన పట్టను ఆ పొద్దే పని పట్టాలి. పైనున్న బూడిదరంగు పొట్టును చాకుతో గీకేస్తే లోపల లేత ఎరుపు కండ బయటపడుతుంది. దాన్ని వేలెడు ముక్కలు కోసి ఈతచాప మీద నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పనికిరాదని అవ్వ ప్రతి పూటా చాపను నీడతోపాటు జరిపేది, అంటే నాచేత జరిపించేది. పదిరోజులకు ముక్కలు ఒకదానికొకటి తగిలితే గలగలమనేంత ఎండేవి. అప్పుడు రోట్లో దంచి, పాత వాయిలు చీర మడతలో వేసి జల్లించేది. కషాయానికి మాత్రం దంచేది కాదు, ముక్కల్నే మట్టికుండలో ఎనిమిది పాళ్ళ నీళ్ళకు రెండు పాళ్ళు మిగిలేదాకా సన్నటి సెగ మీద కాచేది. ఊళ్ళో పిల్లలు మా ఇంటికి ఆడుకోడానికి వచ్చేవాళ్ళు కాదు. మందులవ్వ ఇంట్లో చేదు తాగిస్తారని వాళ్ళమ్మలే భయపెట్టేవాళ్ళు. నేను ఎండిన పట్టముక్కలు ఐదు ఏరుకుని వసారాలో ఒక్కదాన్నే అచ్చనగాండ్లు ఆడుకునేదాన్ని. ఒకాట నాకు, ఒకాట ఎదురు కూచున్నట్టు అనుకున్న అమ్మకు. అమ్మనే గెలిపించేదాన్ని.

ఇక కోత సంగతి. ఏడాదికి నిలవ పెట్టేదైనా సరే, పట్ట ఎవరి కోసమో ముందుగానే మానుకు చెప్పాలన్నది అవ్వ పద్ధతి. ముందురోజు సాయంత్రం వంక దగ్గరికి పోయి, గట్టున వరసగా ఉండే మద్దిమానుల్లో కోయబోయే నాలుగైదింటికి పసుపు పూసి, పిడికెడు బియ్యం మొదట్లో పోసి, నూలుపోగు చుట్టి, మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది. "ఫలానా ఆమె కోసరం వచ్చినాను. రేపు పొద్దన్నే తీసుకుంటాను. తప్పుగా అనుకోవాకు తల్లీ." మర్నాడు పొద్దు పొడిచే వైపు మాత్రమే, జానెడు పొడుగు, బెత్తెడు వెడల్పు, మచ్చుకత్తితో రెండు గాట్లు పెట్టి ఊడదీసేది. చుట్టూ కోస్తే మాను చచ్చిపోతుంది. ఒకసారి కోసిన మానును మూడేళ్ళదాకా ముట్టుకునేది కాదు. నాలుగైదు మానుల నుంచి అలా తీసిన పట్టలను తడి గోనెలో చుట్టి నా నెత్తిన పెట్టేది. అక్కణ్ణుంచి నా పని. ఇంటికి పోయి చాప మీద దించేదాకా నేను మాట్లాడకూడదు, మూట కింద పెట్టకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. అవ్వ మాత్రం వెనకే ఉండిపోయి, కోసినచోట్ల పేడా ఎర్రమన్నూ కలిపి మెత్తి, గంట తర్వాత వచ్చేది. ఎందుకు మాట్లాడకూడదని ఒకసారి అడిగాను.

"మానుకు మాటిచ్చినాము గదా మే. ఆ మాట ఇల్లు చేరేదాకా ఇంకో మాట యాడిది?" అంది.

దారిలో నోట మాట పడితే ఆ పట్ట ఇంటికి రాకూడదు. అక్కడే వంకలో వదిలేయాలి.

నేను ఒకసారి ఆ తప్పు చేశాను. ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. వంకదారిలో తుమ్మముల్లు మడమలో దిగబడి "అమ్మా" అన్నాను. దెబ్బ తగిలితే ఎవరైనా అనే మాటే, కావాలని అన్నది కాదు. అబద్ధం చెప్పడం తెలియని వయసు, మూట పట్టుకుని ఏడుస్తూ అవ్వ దగ్గరికి వెనక్కి పోయాను. అవ్వ తిట్టలేదు. ముల్లు తీసి, మూట విప్పి, పట్టలన్నీ నీళ్ళలో వదిలేసింది. ఆ పట్ట మునెయ్యతాత కోసం కోసింది. ఆయన మా వీధి చివర ఉండేవాడు, నేను కనిపించినప్పుడల్లా జేబులోంచి బెల్లంముక్క తీసి ఇచ్చేవాడు. మళ్ళీ మానుకు చెప్పి, మళ్ళీ కోసేలోగా, మూడో రోజున ఆయన పోయాడు. ఎనభై ఏళ్ళ మనిషి, పోయే వయసే. ఇప్పుడు నాకు ఆ సంగతి తెలుసు. అప్పుడు మాత్రం ఆయన్ని నేనే చంపాననుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అవ్వ తప్ప ఎవరున్నారు, అవ్వకు చెబితే అవుననేస్తుందేమోనని భయం.

మరుసటి ఏడాది శివరాత్రి పోయిన పదిరోజులకు మగ్గాల వీధి రాజమ్మకు గుండెదడ వచ్చింది. నాలుగడుగులు వేస్తే కూలబడిపోయేది, ఆమెకు పాలు తాగే పిల్లాడు. ఆ పిల్లాణ్ణి చంకనేసుకుని ఆమె మొగుడే మా వసారాలోకి వచ్చి కూచుని ఏడ్చాడు. ఆ సాయంత్రం అవ్వ మానుకు రాజమ్మ పేరు చెబుతుంటే నేనూ లోపల లోపల చెప్పాను, ఈసారి మాట్లాడనని.

మర్నాడు అవ్వ కోసేసరికే బాగా ఆలస్యమైంది. ఒక మానుకు పురుగు పట్టిందని వదిలేసి ఇంకో మానుకు మళ్ళీ చెప్పుకుని కోసింది. నేను మూట ఎత్తుకుని వంక దాటి రోడ్డెక్కేసరికి మధ్యాహ్నం బస్సు కల్వర్టు దగ్గర ఆగి ఉంది. అది మా ఊరి మీదుగా చివరి ఊరిదాకా పోయి అరగంటలో అదే దారిన తిరిగొచ్చే బస్సు. బస్సు కదిలాక దుమ్ములోంచి అమ్మ కనిపించింది. చేతిలో గుడ్డసంచి. ఆకుపచ్చ చీర, నేనెప్పుడూ చూడని చీర. ఆమె వచ్చే రోజు కాదది.

"పాపా!" అంది.

నా కాళ్ళు ఆగలేదు. ఆగితే నోరు తెరుచుకుంటుందని నాకు తెలుసు. అమ్మ నా పక్కనే నడవసాగింది. ఆ నిమ్మకాయల వాసన నా నెత్తిమీది పట్ట వాసనలో కలిసిపోతోంది. "యెట్టుండావమ్మా? చిక్కిపోయినావే. ఎండన పడి ఒక్కదానివే పోతుండావా?" అని నా చెంప నిమిరింది. నేను పళ్ళు బిగబట్టి రాజమ్మ కొడుకునే తలుచుకుంటూ నడిచాను. తల ఊపుదామన్నా నెత్తిన మూట, చెయ్యి పట్టుకుందామన్నా రెండు చేతులూ మూట మీదే. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారిపోతున్నాయి. ఆమె అవి చూసిందో లేదో.

కొంత దూరం నడిచాక అమ్మ ఉన్నట్టుండి అడిగింది. "పాపా, నన్ను పొమ్మంటావా, ఉండమంటావా? ఒక్క మాట చెప్పు. నువ్వెట్ట అంటే అట్ట."

ఎక్కడికి పోవడమో నాకు తెలీదు. గూడూరుకే అనుకున్నాను. ఇదేం ప్రశ్న, ఇంటికి రా, మూట దించేస్తాను, అప్పుడు ఎన్ని మాటలైనా చెబుతాను అని లోపల అరుస్తున్నాను. ఇల్లు ఇంకా రెండు ఫర్లాంగులు ఉంది. నా పక్కనున్న అడుగుల చప్పుడు మెల్లబడింది, తర్వాత ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూడకూడదు. చూడలేదు. ఇంటికి వచ్చి మూట చాప మీద దించి, ఒక్క పరుగున బయటికి వచ్చి "అమ్మా" అని కేక పెట్టేసరికి తిరుగు బస్సు మా వీధి మొగలోంచి పోయింది. దాని వెనకే పరుగెత్తాను. కల్వర్టు దగ్గరికి చేరేసరికి బస్సూ లేదు, అమ్మా లేదు, గోడ మీద గుడ్డసంచి ఉంది. అందులో పది నిమ్మకాయలు, ఒక పూల గౌను. గౌను నాకు పెద్దదైంది, రాబోయే రెండేళ్ళకూ సరిపడేలా కొన్నట్టు.

అవ్వ మట్టిచేతులతో వచ్చింది. నేను వెక్కుతూ జరిగిందంతా చెప్పాను. అమ్మ అడిగిన మాట చెప్పగానే అవ్వ చేతులు కడుక్కోవడం ఆపేసింది.

"మీయమ్మ నీ నెత్తిన మూట సూసిందా?" అని అడిగింది.

చూసిందన్నాను.

"సరేలే. పట్ట గీకుదాం రా" అంది.

ఉగాదికి మేనమామ రాయించిన ఉత్తరం వచ్చింది. అమ్మకు గూడూరులోనే మళ్ళీ పెళ్ళి చేశామని, అవతలివాళ్ళు మంచివాళ్ళే గానీ పిల్లను తేవద్దన్నారని. పోస్టుమాను చదువుతుంటే అవ్వ గడపలో నిలబడి విన్నది. ఆ రోజు పోళీలు చేయలేదు. నానిన శనగబేడలను పక్కింటివాళ్ళ ఆవుకు వేసింది. నాకు ఒకటే అర్థమైంది. అమ్మ నన్ను అడిగింది, నేను ఉండమనలేదు, అందుకే పోయింది. ఒక్క మాటకు మునెయ్యతాత పోయాడు, ఒక్క మాట అనకపోయేసరికి అమ్మ పోయింది.

రాజమ్మ బతికింది. అవ్వ కషాయం వల్లనో, ఆమె మొగుడు పుత్తూరు ఆసుపత్రి నుంచి తెచ్చిన మాత్రల వల్లనో నేను చెప్పలేను. కోలుకున్నాక సొంత మగ్గం మీద నేసిన తువాలు తెచ్చి నా చేతికే ఇచ్చింది, నేను మోసిన పట్టేనని అవ్వ చెప్పిందట. ఆమె మంచి మనిషి, నాకు మాత్రం ఆమెను చూస్తే ఒళ్ళు మండేది. ఆ పిల్లాడు అమ్మ చంకలో నవ్వుతూ కనిపిస్తే ముఖం తిప్పుకునేదాన్ని. ఇలా రాసుకోడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

తర్వాత కూడా అమ్మ ఏడాదికోసారి వచ్చేది, ఒకసారి ఇద్దరు కొడుకుల్ని కూడా తెచ్చింది. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. నేను మంచినీళ్ళిచ్చేదాన్ని, బాగున్నావా అనేదాన్ని. ఆ రోజు సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేను టీచరు ట్రైనింగులో ఉండగా అవ్వ పోయింది. జాడీలు ఎవరెవరో అడిగి ఊరగాయలకు తీసుకుపోయారు. నాకు పెళ్ళి ఎందుకు కాలేదని అడిగేవాళ్ళకు ఒక్కో కాలంలో ఒక్కో కారణం చెప్పాను. అసలు కారణం, నన్ను ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు సమయానికి నోరు తెరుచుకోకపోవడం. సంబంధాల విషయంలోనూ అదే జరిగింది.

పోయిన ఏడాది అమ్మకు గుండెజబ్బని తిరుపతిలో చూపించడానికి తమ్ముళ్ళు తీసుకొచ్చి, పరీక్షలయ్యేదాకా నా దగ్గర వదిలారు. ఇరవై రోజులుంది. ఎనభైకి దగ్గర్లో ఉన్న మనిషి, చేతులకు ఇప్పుడు నిమ్మకాయల వాసన లేదు, నొప్పులకు రాసుకునే మందు వాసన. నా పక్కన పడుకోవడం ఆమెకూ కొత్తే, నాకూ కొత్తే. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక పై ఇంటి నుంచి ఆ వాసన వచ్చింది, ఆ రోజెందుకో వాళ్ళు పొద్దున కాకుండా అప్పుడు కాచుకున్నట్టున్నారు. అమ్మ మంచం మీద లేచి కూచుంది.

"మద్దిపట్ట గదా?" అంది. అవునన్నాను.

కిటికీ వైపే చూస్తూ అంది. "ఆ పొద్దు నీ నెత్తిన మూట చూసినా పాపా. మీ అవ్వ ఇంట్లో ఐదారేళ్ళు నేనూ మోసినా గదా ఆ మూట. నువ్వు మాట్లాడవని నాకు తెలుసు. తెలిసే అడిగినా."

నేను ఆమె తిన్న పళ్ళెం తీశాను.

"ఇంటిదాకా వచ్చుంటే నువ్వు మాట్లాడతావు. ఉండమంటావు. నాకు పోవాలని ఉండింది పాపా. ఇరవై ఏడేళ్ళు నాకప్పుడు. నువ్వేమీ అనలేదని నాకు నేనే చెప్పుకుని బస్సెక్కినా. నువ్వేమన్నా మనసులో పెట్టుకొనుంటే, నీ తప్పేమీ లేదు."

ఆ మాటతో గుండె తేలికపడి ఉండాలి. నాకు కోపం వచ్చింది. యాభై ఏళ్ళు నాదే అనుకుని మోసిన తప్పు నాది కాదట, ఆ సంగతి ఆ రోజు నుంచీ ఒకరికి తెలుసట. అవ్వకు కూడా తెలిసే ఉంటుంది. పళ్ళెం తీసుకుని వంటగదిలోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. తిరిగి వచ్చేసరికి అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఏదో ఒకటి అనాల్సింది. తిట్టినా బాగుండేది. ఈసారి నెత్తిన మూట లేదు, ఏ రాజమ్మా లేదు, అయినా నోరు తెరవలేదు. నాలుగు రోజులకు తమ్ముడు వచ్చి తీసుకుపోయాడు. కారెక్కుతూ నా చెంప నిమిరింది. రెండు నెలలకు గూడూరు నుంచి ఫోను వచ్చింది.

ఈ శివరాత్రి దాటాక ఒక పొద్దున పుత్తూరు బస్సెక్కాను. మా ఊరి దారి నాలుగు వరసల రోడ్డయింది. కల్వర్టు లేదు, దాని మీద ఎత్తుగా కొత్త వంతెన కట్టారు. మధ్యాహ్నం బస్సు ఆగిపోయి చాలా ఏళ్ళయిందట, ఆటోలే తిరుగుతున్నాయి. అవ్వ ఇంటి చోట సిమెంటు ఇటుకలు పోసే షెడ్డు ఉంది, మగ్గాల చప్పుడు ఏ వీధిలోనూ లేదు. వంకలో నీళ్ళు లేవు. గట్టున వరసగా ఉండే మద్దిమానుల్లో ఒక్కటే మిగిలింది. దాని తూర్పు పక్కన, నా నడుమెత్తులో, రెండు పెదాలు మూసుకున్నట్టు పాత గాటు ఒకటి కనిపించింది. అవ్వ చేతి గాటో, ఇంకెవరిదో. దాని మీద చెయ్యి పెట్టి చూశాను.

సంచిలో కూరగాయల కత్తి ఉంది. పట్ట ఎవరికోసమో చెప్పాలి గదా. అమ్మ పేరు చెప్పాను. పోయినవాళ్ళకు పట్ట కోయడం ఏ పద్ధతో నాకు తెలీదు, అవ్వ ఉంటే తిట్టేది. గాటుకు పైన బెత్తెడు తీసి, కింద తడిమన్ను దొరక్క నా సీసాలో నీళ్ళతోనే మన్ను కలిపి మెత్తాను. పట్టను చేతిరుమాల్లో చుట్టి, నెత్తిన పెట్టుకోలేదు గానీ రెండు చేతులా పట్టుకుని, వంక దాటి రోడ్డెక్కి నడిచాను. ఒక ఆటో అతను ఆపి "యాడికి పోవాలమ్మా?" అని అడిగితే జవాబు చెప్పలేదు. మూగమనిషనుకుని పోయాడు.

కల్వర్టు ఉండిన చోటు దాటి, ఆ రోజు నా పక్కన అడుగుల చప్పుడు ఆగిపోయినంత దూరం నడిచాక ఆగాను. వెనక్కి తిరిగి చూశాను. లారీలు, దుమ్ము, ఎండ.

"ఉండమ్మా. పోవద్దు" అన్నాను, గట్టిగానే.

మాట పడిన పట్టను ఇంటికి తీసుకుపోకూడదు. మళ్ళీ వంకలోకి దిగాను. వదలడానికి నీళ్ళు లేవు. రుమాలు విప్పి ఇసకలో పెట్టి వచ్చేశాను.